నీ తమ్ముడికి చెప్పు

చిత్తూరు, గ్రీంస్‌పేట
ఫిబ్రవరి

ఢిల్లీకి,

ఢిల్లీబాబూ, ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయడం పద్ధతి. ఈ ఇంట్లో ఇప్పుడు అందరం అంటే నేనొక్కడినే. క్షేమమే అనుకో. నువ్వూ, నీ భార్య అమలా, పాప రూపశ్రీ ఎలా ఉన్నారో రాయి.

కవరు మీద నా చేతిరాత చూసి భయపడి ఉంటావు. భయపడొద్దు. ఇంకెవరూ పోలేదు. పోవడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు కూడా.

మీ అక్క కర్మలయ్యేదాకా ఇల్లు నిండా జనం. నువ్వూ ఉన్నావు, నేనూ ఉన్నాను. మనిద్దరం మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఆ సందట్లో ఎవరికీ పట్టలేదు. అందరూ వెళ్లిపోయాక ఒక సాయంత్రం టీవీలో తిరుపతిలో పెద్ద వాన అని చెప్పారు. వంటింటి వైపు తిరిగి, "పంకజా, నీ తమ్ముని షెడ్డులోకి నీళ్లొచ్చినాయేమో అడుగు" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. ఆ వాన సంగతి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకే ఈ ఉత్తరం. నీళ్లు వచ్చాయా?

ఏడేళ్ల కిందట మనం చేసిన ఘనకార్యం నీకు గుర్తు చేయనక్కర లేదు. అప్పుడు ఇద్దరిదీ ఒకటే కార్ల పాలిష్ షెడ్డు. ఆ డాక్టరు గారి నల్ల కారుకు నేను వ్యాక్స్ పట్టించి ఇంటికి పోతే, నువ్వు వచ్చి దాని మీద నీ కొత్త మందు, ఆ సీలెంటేదో పూశావు. మొదటి వానకే బానెట్టంతా మరకలు తేలాయి. ఆయన నడివీధిలో నిలబెట్టి ఇద్దరినీ కడిగేశాడు. నీ వ్యాక్సే కారణమని నువ్వు, నీ మందే కారణమని నేను. చివరికి కాణిపాకం పోయి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి, తప్పు నాది కాదని ఎవరి ఒట్టు వాళ్లం వేశాం. అక్కడితో ఆగినా బాగుండేది. కోపం దిగక, ఈ మనిషితో ఈ జన్మలో నోరు విప్పి మాట్లాడనని నేనన్నాను. నేను మాత్రం మాట్లాడతానా అని నువ్వన్నావు. మీ అక్క తల కొట్టుకుంది. వేరే గుడిలో వేసిన ఒట్టయితే తీసి గట్టు మీద పెట్టేవాళ్లం. కాణిపాకంలో వేసిన ఒట్టు తప్పితే ఏమవుతుందో ఈ జిల్లాలో పుట్టిన మనకు ఒకరు చెప్పాలా?

ఆమె ఉన్నన్నాళ్లూ ఇబ్బంది తెలియలేదు. నా మాట నీకూ, నీ మాట నాకూ ఆమే మోసింది. ఇప్పుడు మోసే మనిషి లేదు. ఫోను చేస్తే అది మాటే. వాట్సాపులో గొంతు పంపినా అది మాటే. రాత మాట కాదని నేను తీర్మానించాను. స్వామికి అభ్యంతరం ఉంటే ఏదో ఒక విధంగా తెలియజేస్తాడు. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవరు అడిగితే ఆ అమ్మాయి డ్రాయరంతా వెతికి ఇచ్చింది.

అసలు పని రాస్తాను. మన నేరేడు రంగు మారుతి కారుకు ప్రతి ఆదివారం వ్యాక్స్ పెడుతున్నాను. వేరే పని లేదు. అయినా రంగు పైకి తేలడం లేదు. నువ్వు పోయిన ఏడు అక్క చేతికిచ్చిన సీలెంట్ ట్యూబు డిక్కీలో అలాగే ఉంది. ఈ వ్యాక్స్ పైన అది పూయవచ్చా?

మీ బావ
మునిరామయ్య


తిరుపతి, కరకంబాడి రోడ్డు
మార్చి

బావకు నమస్కారాలు.

నీళ్లు వచ్చాయి. మోకాలి లోతు. పాలిష్ పట్టే బఫింగ్ మిషన్లు రెండు తడిశాయి. ఒకటి బతికింది.

నీ ఉత్తరం పోస్టుమ్యాను తెచ్చినప్పుడు కారు కింద పడుకుని ఉన్నాను. చేతులు తుడుచుకుని, షెడ్డు వెనక్కి పోయి చదివాను. ఏడేళ్లు నోరు కట్టేసుకున్న మనిషి రాయడం మొదలుపెడితే ఇంత పొడుగు రాస్తాడా! అమలకు ఇచ్చాను. అది చదివి, చదివి, లోపలికి పోయి ముక్కు చీదుకుని వచ్చింది.

వ్యాక్స్ పైన సీలెంటా? బావా, ఆ రోజు డాక్టరు కారుతో తలకెక్కని చదువు నీకు ఈ జన్మలో ఎక్కదు. సీలెంట్ నేరుగా పెయింటుకు అంటుకోవాలి. మధ్యలో జిడ్డుంటే దానికి పట్టు దొరకదు, వానకు జారిపోతుంది. వ్యాక్స్ అట్లా కాదు. అది అచ్చం నీలాంటిది. ఎవరింటికి పోయినా పీట వేసుకుని కూర్చుంటుంది. అందుకని ముందు సీలెంట్, దాని మీద వ్యాక్స్. కాపాడే పని కిందిది చేస్తుంది, మెరిసే పని పైది చేస్తుంది.

ఇంకో మాట. వారం వారం వ్యాక్స్ పెట్టినా పొరలు పెరగవు. కొత్తది పాతదాన్ని కరిగించి తాను కూర్చుంటుంది. నువ్వు ఇన్ని ఆదివారాలుగా ఒకే పొర పెడుతున్నావు.

సరిగ్గా చెయ్యాలంటే ఇట్లా చెయ్యి. అంట్లు తోమే సబ్బునీళ్లతో కడిగి పాత వ్యాక్సంతా దించు. తర్వాత కాంపౌండు పేస్టుతో రుద్ది గీతలు తియ్యి. స్పిరిట్ కలిపిన నీళ్లతో తుడువు. అప్పుడు నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, సీలెంట్ పలచగా పూసి, మసకబారాక గుడ్డతో తుడిచెయ్యి. ఆ రాత్రంతా తడి తగలకుండా ఆరాలి. మరునాడు నీ డబ్బా తియ్యి. రాత్రి ఆరకముందే తొందరపడి వ్యాక్స్ పెట్టావంటే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

అక్క చెబుతూ ఉండేది, ఏ పండగ వచ్చినా నువ్వు ఆకు ముందు కూర్చుని, "ఢిల్లీ రాలేదే" అంటావని. ఆ ఒక్క మాట కోసం ఏడేళ్లు నీ మీద కోపం నిలబెట్టుకోలేకపోయాను. అది నీకు చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది.

నీ బావమరిది
ఢిల్లీబాబు


చిత్తూరు
మార్చి నెలాఖరు

ఢిల్లీకి,

ఆ మాట నేను అనలేదు.

అబద్ధం రాయను. పండగ పూట నేను తల వంచుకుని తినేసి లేచేవాడిని. నీ సంగతి ఎత్తితే మీ అక్క ఏడుస్తుందని ఎత్తేవాడిని కాదు. అనుకోలేదా అంటే అనుకున్నాను. అనలేదు. మరి ఆమె నాతో చెప్పిందేమిటో తెలుసా? తిరుపతిలో ఎంత పెద్ద కారు నీ షెడ్డుకు వచ్చినా, "మా బావ చెయ్యి పడితే వచ్చే మెరుపు నాకు రాదక్కా" అంటావని. ఇది నువ్వు అన్నావా లేదా? నిజం రాయి.

ఆమె మన మాటలు మోసిందనుకున్నాం. గోరంత ఇస్తే కొండంత చేసి అవతల దించింది. కొన్నిసార్లు మనం గోరంత కూడా ఇవ్వలేదు. ఈ లెక్కన ఏడేళ్లు మనిద్దరం ఆమెతోనే మాట్లాడాం. ఆమే మనిద్దరితో మాట్లాడింది. ఇంత పని ఒక్కతే చేసి ఎప్పుడూ అలిసిపోయానని అనలేదు.

నువ్వు చెప్పినట్టు కారు కడిగాను. వ్యాక్స్ దిగిపోయాక చూస్తే రంగు పాలిపోయి, మనిషి జ్వరం నుంచి లేచినట్టు ఉంది. ఆ రంగు కలపడానికి నాకు వారం పట్టింది, గుర్తుందా? పంకజ నేరేడు పండు చేతిలో పట్టుకుని నా పక్కనే నిలబడింది. ఎరుపు ఎక్కువైందంటుంది, నీలం తక్కువైందంటుంది. చివరికి ఆ పండు చితికి, ఆమె చీరకంటుకున్న మరక చూసి, "ఇదే" అంది. పిల్లాజెల్లా లేని వాళ్లం. ఆ బండిలో ముందు సీటు ఆమెది, స్టీరింగు నాది. ఎక్కడికీ పోయేది లేకపోయినా సాయంత్రం అట్లా వేలూరు రోడ్డు మీద టీ కొట్టు దాకా పోయి వచ్చేవాళ్లం.

ఒక సందేహం. రుద్ది గీతలు తియ్యమన్నావు. గీతలు తియ్యకుండా పైన సీలెంట్ పూస్తే ఏమవుతుంది? అన్నిచోట్లా కాదు, ఎడమవైపు ముందు తలుపు దగ్గర మాత్రం.

మునిరామయ్య


తిరుపతి
ఏప్రిల్

బావకు,

నిజం రాస్తున్నాను. ఆ మాట నేనూ అనలేదు. కాకపోతే అది నిజమే. అక్క నా నోట్లో అబద్ధం పెట్టలేదు.

ఈ సంగతి అమలకు చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, "నువ్వన్నావని వదిన నాకు చెప్పినవి కూడా అంతేనా?" అని అడిగింది. నేను చెప్పులేసుకుని షెడ్డుకు పోయాను.

ఇక నీ సందేహం. గీతల మీద ఎవరైనా సీలెంట్ పూస్తారా బావా? లోపల దుమ్ము పెట్టి అద్దం బిగించినట్టు ఉంటుంది. గీత అక్కడే ఉండిపోతుంది, మెరుపుకు ఇంకా ఎత్తి చూపుతుంది. ఆరు నెలలు దాన్ని చూస్తూ కూర్చోవాలి. మూడు తలుపులు రుద్ది నాలుగోది వదిలేస్తానంటావు. సగం గుండు కొట్టించుకుని కొండ దిగినట్టు ఉంటుంది. నీలాంటి పనివాడు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? బద్ధకిస్తున్నావు. పక్కన అడిగేవాళ్లు లేరని మనిషి ఇట్లా చెయ్యి దించేయకూడదు.

కోపంగా రాశాను. కొట్టేయాలనుకుని కొట్టేయలేదు.

నా సంగతి ఏముంది. పొద్దున్నే కార్లు దించి పోతారు, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. మధ్యలో ఎవరూ ఉండరు. మిషను చప్పుడులో నా మాట నాకే వినపడదు. రూపశ్రీ హాస్టల్లో ఉంది. అమల బళ్లో పని చేసి అలిసి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్క ఫోను వచ్చేది. "రేయ్ ఢిల్లిగా, తిన్న్యావా?" అని మొదలుపెట్టి, మీ ఇంట్లో పప్పు మాడిన సంగతి దాకా చెప్పేది. ఫోను ఎత్తాలంటే చేతికి కాంపౌండు ఉండకూడదు కదా, అందుకని ఆ వేళకు మిషను ఆపి చేతులు కడుక్కునేవాడిని. బావా, ఇప్పటికీ ఒంటిగంటకు చేతులు కడుక్కుంటున్నాను. కడుక్కున్నాక ఏం చెయ్యాలో తెలియక మళ్లీ మిషను దగ్గరికి పోతున్నాను. అక్క నంబరు నా ఫోనులో నుంచి తీసేయలేదు. తీసేయడానికి చెయ్యి రాలేదు.

గంగమ్మ జాతర దగ్గర పడుతోంది. ప్రతి ఏడూ జాతర కాగానే అక్కకు చీరా, పసుపు కుంకుమా, జాతర కొట్లో గాజులూ తెచ్చి ఇచ్చేవాడిని. ఈ ఏడు ఎవరికి తేవాలి?

ఢిల్లీబాబు


చిత్తూరు
మే

ఢిల్లీకి,

పని అయిపోయింది. నువ్వు చెప్పిన వరస తప్పలేదు. సీలెంట్ రెండు సార్లు, పైన వ్యాక్స్. బాగా వచ్చింది. ఎడమ తలుపు సంగతి నాకు వదిలెయ్యి. అది బద్ధకం కాదు.

మధ్యలో ఒకసారి పుత్తూరు పోయి వచ్చాను. చిన్న పని. ఎండలు ఎక్కువగా ఉన్నాయి. ఎదురింటి రూతమ్మ రెండు పూటలా ఏదో ఒకటి పంపిస్తోంది. చర్చి నుంచి వచ్చేటప్పుడు తలుపు తట్టి, ఉన్నానో లేదో చూసి పోతుంది.

మీ అక్క ఫోను రోజూ చార్జింగు పెడుతున్నాను. దానికి ఎవరూ చెయ్యరు. ఎందుకు పెడుతున్నానని అడగొద్దు. నెల తిరగగానే రీఛార్జి కూడా చేయించాను.

సారె తేవాలని నువ్వు హైరానా పడొద్దు. ఇటు రావాల్సిన అవసరం ఏమీ లేదు.

మునిరామయ్య


తిరుపతి
మే, జాతర వారం

బావకు,

పుత్తూరు పోయి వచ్చావా? చిన్న పనా? మనిషి పుత్తూరుకు ఎందుకు పోతాడో ఈ జిల్లాలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. చెయ్యా, కాలా? ఎక్కడ విరిగింది? ఎట్లా పడ్డావు? కట్టు కట్టించుకుని కూర్చున్న మనిషి రెండు పొరలు సీలెంట్ పూశానని రాస్తాడు, నేను నమ్మాలి! అబద్ధం ఆడేటప్పుడు ఊరి పేరయినా మార్చి రాయాల్సింది. అక్క ఉంటే నీకు నేర్పించేది.

నీ ఉత్తరం అందిన పూటే బస్సెక్కేవాడిని. కానీ ఊళ్లో చాటింపు పడింది. నీకు తెలియనిది కాదు. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి పడుకోకూడదు. పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కానీ వస్తే ఊరికే రాను, ఆ బండి పని చేసే వస్తాను. సీలెంట్‌కు ఒక రాత్రి కావాలి. ఒకపక్క కాణిపాకం స్వామితో పెట్టుకుని ఉన్నాం, ఇంకోపక్క గంగమ్మతో కూడా పెట్టుకోలేను. జాతర కాగానే మొదటి బస్సుకు వస్తాను. ఈలోపల బండిని ముట్టుకోవద్దు. స్టూలెక్కొద్దు.

నిన్న జాతర కొట్ల వైపు పోయాను. గాజుల ఆమె నన్ను చూడగానే, "అక్కకే కదన్నా, ఈసారి ఏ రంగు?" అంది. నేను చెప్పాల్సింది చెప్పలేదు. "నేరేడు రంగు" అన్నాను. రెండు డజన్లు కట్టి ఇచ్చింది. వేషం కట్టినవాళ్లూ, పొంగళ్లు మోసేవాళ్లూ తోసుకుంటూ పోతుంటే, ఆ పొట్లం చేత్తో పట్టుకుని దారిలో అట్లా నిలబడిపోయాను బావా. పక్కన ఎవరో, "ఏమప్పా, జరుగు" అని తోసేదాకా కదలలేదు.

ఢిల్లీబాబు


తిరుపతి
జూన్

బావకు,

ఇల్లు చేరాను. మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ నోరు మూసుకున్న మాటలన్నీ ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు ఎదురుగానే ఉన్నావు, చూశావు. అయినా రాస్తాను, చదువు.

తలుపు తీసినప్పుడు నీ ఎడమ చేతికి వెదురు బద్దలు, గుడ్డు సొన వాసన. నన్ను తిట్టాలన్నట్టు చూశావు. నేనూ అట్లాగే చూశాను. కారు రూఫ్ కడగబోయి స్టూలు మీద నుంచి పడ్డావని రూతమ్మ చెప్పింది. డిక్కీలో సీలెంట్ ట్యూబు మూత కూడా తియ్యలేదు. సరే.

కడిగాను. మూడు తలుపులు రుద్దాను. నువ్వు గడప మీద కూర్చుని, కుడిచేత్తో అక్కడ, ఇక్కడ అని వేలు చూపిస్తూనే ఉన్నావు. ఏడేళ్లయినా నీ కన్ను తప్పు పట్టడం మానలేదు. ఎడమ తలుపు దగ్గరికి మిషను తెచ్చేసరికి నువ్వు లేచి వచ్చి, తలుపుకు అడ్డంగా నిలబడ్డావు. నాకు ఒళ్లు మండింది. మిషను ఆపి, నిన్ను పక్కకు జరిపి, వంగి చూశాను.

హ్యాండిల్ చుట్టూ సన్నని గీతలు. నెలవంకల్లాగా, ఒకదాని మీద ఒకటి. ఇసక గీతలు కావవి. గుడ్డతో పడినవి కావు. ముప్పయ్యేళ్లుగా గీతలు తీసి బతుకుతున్నవాడిని, ఏ గీత దేనితో పడిందో చూడగానే తెలుస్తుంది. గాజులతో పడ్డవి. ప్రతి ఏడూ నేను జాతర నుంచి తెచ్చిన గాజులు. "అక్కా, గాజుల సేత్తో తలుపు తియ్యొద్దు, గీతలు పడతాయి" అని ఎన్నిసార్లు అరిచాను! "పడనీరా, నా బండికి నా గీతలే కదా" అనేది.

నీకు ఉత్తరంలో బద్ధకమని రాశాను. సగం గుండు అని రాశాను. ఆ మాటలన్నీ నా నోట్లోకి తిరిగి వచ్చాయి. నువ్వేమీ అనలేదు. అనడానికి లేదు కదా మనకు.

కాంపౌండు డబ్బా మూత పెట్టేశాను. ఆ తలుపును మెత్తని గుడ్డతో కడిగి, ఆ గీతల మీదే సీలెంట్ పూశాను. మన పనిలో అది తప్పు. తెలిసి, ఇష్టపడి, నా చేత్తోనే ఆ తప్పు చేశాను. మరునాడు నువ్వు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒంటిచేత్తో మూత తీసి వ్యాక్స్ పెట్టావు. కింద నాది, పైన నీది. అట్లా పెట్టి ఉంటే డాక్టరు కారు ఇప్పటికీ మెరుస్తూ ఉండేది. తిలాపాపం తలా పిడికెడు బావా. వ్యాక్స్ పెట్టి చెప్పకుండా పోయింది నువ్వు. ఉందో లేదో తుడిచి చూడకుండా పూసింది నేను. ఇద్దరిదీ తప్పయితే ఇద్దరి ఒట్టూ అబద్ధమే కదా?

అప్పుడు టీ. రూతమ్మ రెండు గ్లాసులు పెట్టి పోయింది. నేను బానెట్ తుడుస్తూ వినిపించుకోలేదు. నువ్వు కారు వైపు తిరిగి, ముందు సీటు వైపు చూసి, "పంకజా, నీ తమ్మునికి సెప్పు, టీ సల్లారిపోతా ఉండాది" అన్నావు.

నీకు అలవాటులో వచ్చింది. నాకు తెలుసు. అన్నాక నీ ముఖం చూశాను. ఆ మాట ఎవరు మోస్తారా అన్నట్టు గ్లాసు పట్టుకుని అట్లా నిలబడిపోయావు. ఆ మాట అట్లా గాలిలో ఉండిపోతే చూడలేననిపించింది. నేనూ ఆ ఎడమ తలుపు దగ్గరికి వచ్చి, వంగి, "అక్కా, వస్తా ఉండానని బావకు సెప్పు" అన్నాను. ఏడ్చింది నువ్వు ముందా, నేను ముందా అన్నదానికి మళ్లీ ఒట్టు వేసుకోవద్దు.

ఇది చాలు బావా. కాణిపాకం పోదాం. ఇద్దరం స్వామి ముందు నిలబడి, తప్పు ఇద్దరిదీ అని ఒప్పుకుని, ఆ ఒట్టు దించేసుకుందాం. తర్వాత నీ ఇష్టం వచ్చినంత సేపు నన్ను నోరారా తిట్టు. ఏ ఆదివారం రమ్మంటావో రాయి.

ఢిల్లీబాబు


చిత్తూరు
జూన్ నెలాఖరు

ఢిల్లీకి,

నిన్న ఇక్కడ మంచి వాన. రేకుల కింద నుంచి బండిని వెనక్కి తోయించి, కావాలనే వానలో పెట్టించాను. రూతమ్మ నాకు మతి పోయిందనుకుంది. చేమాకు మీద పడ్డట్టు నీళ్లు నిలవకుండా జారిపోయాయి. ఎడమ తలుపు మీద కూడా. గీతలు అక్కడే ఉన్నాయి. ఎండ రాగానే ఇంకా బాగా కనిపించాయి. నువ్వు చెప్పింది నిజమే, మెరుపు వాటిని ఎత్తి చూపిస్తుంది.

డ్యాష్‌బోర్డు అరలో నువ్వు పెట్టి పోయిన గాజుల పొట్లం చూశాను. ఆమె పటం దగ్గర పెడదామని తీశాను. మళ్లీ అక్కడే పెట్టేశాను. తలుపు వేసినప్పుడల్లా లోపల చప్పుడవుతున్నాయి. కట్టు ఇంకో పది రోజుల్లో విప్పుతారట. విప్పాక టీ కొట్టు దాకా పోయి వస్తాను.

కాణిపాకం వద్దు. కోపంతో అనడం లేదు. నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. ఇద్దరి ఒట్టూ అబద్ధమన్నది ఒప్పుకుంటాను. స్వామికి నేను ఒంటరిగా పోయి చెప్పుకుంటాను. కానీ మాట్లాడనన్న ఒట్టు మాత్రం దించుకోలేను. దించుకుంటే ఏమవుతుందో ఆలోచించు. నువ్వు ఫోను చేస్తావు, నేను ఎత్తుతాను, నేరుగా మాట్లాడుకుంటాం. బాగానే ఉంటుంది. కానీ మనిద్దరి మధ్య ఇక పంకజ ఎందుకు? ఏడేళ్లు ఆ పని ఆమె చేసింది. పోయాక కూడా మొన్న కారు దగ్గర చేసింది. ఆ పని తీసేస్తే ఈ ఇంట్లో ఆమెకు చెయ్యడానికి ఏమీ మిగలదు ఢిల్లీ. వంట లేదు, పండగ లేదు. నిన్నూ నన్నూ మోయడం ఒక్కటే మిగిలింది. అది నేను తీసేయలేను. నాకు ఆమె కావాలి. మధ్యలోనైనా సరే.

స్వామి ముందు నేను అన్నది నీతో మాట్లాడనని. పెళ్లాంతో మాట్లాడనని అనలేదు.

అందుకని ఉత్తరాలు మానేద్దాం. నీ చేతిరాత చదవలేక నా కళ్లు పోతున్నాయి. సీలెంట్ ఆరు నెలలన్నావు, కాబట్టి కార్తీకంలో ఎట్లాగూ రావాలి. అప్పటిదాకా ఇట్లా చేద్దాం. ఈ ఉత్తరం అందిన మరునాడు నీ ఫోను మోగుతుంది. ఆమె ఫోను నుంచి చేస్తాను. నీ ఫోనులో అక్క అని పడుతుంది. ఉలిక్కిపడొద్దు, అమలను పిలవొద్దు. నేను ఆమెతోనే చెబుతాను. నువ్వూ ఆమెకే చెప్పు.

ఒంటిగంటకు చేతులు కడుక్కుని ఉండు.

మీ బావ